రాడ్ మీద నింద

కేకు మధ్యలో పచ్చిగా దిగితే చాలు, ఓవెన్‌లో రాడ్ పోయిందని తేల్చేస్తాం. ఆ తీర్పులో తొందర ఎక్కువ, సాక్ష్యం తక్కువ. మన ఇళ్లలో వాడే ఓటీజీలో కింది రాడ్ నిజంగానే పోతే కేకు పైన మాడి, అడుగున పచ్చిగా వస్తుంది. (నాబ్ పై రాడ్ల గుర్తు దగ్గరే ఉండిపోయినా ఇదే ఫలితం; ముందు అది చూడాలి.) అలా కాక, పైనా కిందా ఒకే తీరుగా ఉడుకు మందగించి, అరగంట పని యాభై నిమిషాలకు సాగుతోందంటే అనుమానించాల్సింది రాడ్‌ను కాదు, దానికి అందే కరెంటును. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు ఇచ్చే ఓవెన్‌కు 190 వోల్టులే అందితే మిగిలేది సుమారు 1020 వాట్లు. వోల్టేజి ఆరో వంతు తగ్గితే వేడి దాదాపు మూడో వంతు పోయింది. పది నిమిషాలు ప్రీహీట్ చేయమన్న వంటల పుస్తకానికి ఈ లెక్క పట్టదు.

లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయి, లో వోల్టేజి ఎక్కడిది అని అడగవచ్చు. పాత ఫిలమెంట్ బల్బు ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న సరైనదే. వోల్టేజి పడగానే అది గుడ్డిదీపమయ్యేది. ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటిలో ఉండే డ్రైవర్ ఆ తేడాను లోపలే సర్దేస్తుంది. అందుకే ఓవెన్ విషయంలో వాటి సాక్ష్యం చెల్లదు. పైగా 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. దాన్ని 16 ఆంపియర్ల సాకెట్‌కు కాకుండా సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే కొంత వోల్టేజి దారిలోనే ఖర్చవుతుంది. ప్లగ్గు కాలుతోందంటే ఓవెన్‌లో పుట్టాల్సిన వేడి గోడలో పుడుతోందన్నమాట. అది కేకు కంటే పెద్ద సమస్య.

థర్మోస్టాట్ దోషమూ ఉండవచ్చు, కాదనను. లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది: పెట్టిన వేడికి చాలా ముందే రాడ్లు ఆరిపోతుంటే తప్పు థర్మోస్టాట్‌ది, ఎంతసేపైనా ఆరకుండా వెలుగుతూనే ఉంటే అది కాదు. ఇంత తంటా ఎందుకు, కొత్తది కొంటే పోలా అంటారు. లోపం కరెంటులో ఉంటే కొత్తదీ ఇలాగే ఏడుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ దగ్గర వోల్టేజి కొలిపించండి. అదీ ఓవెన్ నడుస్తుండగానే. లోడ్ లేనప్పుడు కొలిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.