గోదారి గాలికి తెరచాప

ఈ మధ్య సంక్రాంతి వస్తే ఆత్రేయపురం కాలవగట్టు మీద నిలబడడానికి చోటు దొరకదు. పూతరేకుల ఊళ్ళో పడవ పందేలు. తెడ్లన్నీ ఒక్కసారి మునిగి ఒక్కసారి లేస్తుంటే గట్టు పొడుగునా ఈలలు, కేకలు. ఆ సంబరం ఇంకా పెరగాలి. దాని పక్కనే గోదావరి మీద ఇంకో పందెం కూడా మొదలవ్వాలని నా కోరిక. అది తెరచాప పందెం. అందులో తెడ్డు ఉండదు, ఇంజను ఉండదు. పడవలన్నీ ఒకే అచ్చువి. వీచే గాలి అందరికీ ఒకటే. దాన్ని ఎవరు ముందు కనిపెట్టి వాడుకుంటే వాళ్ళు గెలుస్తారు. పన్నెండేళ్ళ ఆడపిల్ల తనకంటే బలమైన కుర్రాణ్ణి దర్జాగా ఓడించగల ఆట ఇది.

డెల్టాకి తెరచాప కొత్త కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన తుపానులు ఆ రేవు నడుం విరిచాయి. బర్మా వలస వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్ళిందో ఊహించుకోవచ్చు. పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని ఇంకా బతికే ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవల రాకపోకలు ఊపందుకున్నాయి. రాజమండ్రి నుంచి పాపికొండల వైపు పోయే పడవలకి ఏటివాలు ఎదురు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి లేచే గాలికి చాప ఎత్తి ఎగువకు సాగేవారు. తిరుగు ప్రయాణంలో చాప దించి ఏటివాలుకు వదిలేవారు. గాలి పడిపోతే గెడ, గెడ అందకపోతే ఒడ్డున నడుస్తూ తాడు లాగడం. ఇంజన్లు వచ్చాక ఈ విద్య అక్కర లేకుండా పోయింది.

ఆ పాత సరంగులకి వెనకగాలి నేస్తం. పందెపు పడవకి అసలు పరీక్ష ఎదురుగాలి. గాలి ఏ దిక్కునుంచి వస్తోందో ఆ దిక్కుకే వెళ్ళాలి. మొదటిసారి విన్నవాళ్ళెవరూ దీన్ని నమ్మరు. గాలికి సూటిగా ఎదురు ఏ పడవా పోలేదన్నది నిజమే. గాలికి దాదాపు 45 డిగ్రీలు ఓరగా మాత్రం పోగలదు. చాప బిగుసుకుని వంపు తిరిగినప్పుడు గాలి దాన్ని పక్కకీ, కొంచెం ముందుకీ లాగుతుంది. పక్కకి పోనివ్వకుండా పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దించిన పలక అడ్డుకుంటుంది. దాని పేరు డాగర్‌బోర్డు. తడివేళ్ళ మధ్య నొక్కిన సీతాఫలం గింజ ముందుకి జారినట్టు, గాలికీ పలకకీ మధ్య చిక్కిన పడవ ముందుకి జారుతుంది. కాసేపు ఇటు ఓరగా, కాసేపు అటు ఓరగా వంకరటింకరగా ఎక్కుకుంటూ ఎదురుగాలిలోనే గమ్యం చేరుతుంది. ఆ మలుపుని టాక్ అంటారు. ప్రతి టాక్‌కీ వేగం కొంత పోతుంది. అందుకే ఎన్నిసార్లు మలచాలి, ఎక్కడ మలచాలి అన్న లెక్కలోనే సగం ఆట ఉంది.

మొదలుపెట్టే పిల్లలకి ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ ఉంది. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసమే గీసిన నమూనా. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒకే చాప, ఒకే తాడు, ఒక చుక్కాని. పదిహేనేళ్ళ వరకూ దానిమీద పందేలు ఆడొచ్చు. ఆ పైన ఒంటరిగా నడిపేవాళ్ళకి లేజర్ ఉంది. ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. 4.2 మీటర్ల పడవ అదే ఉంటుంది, చాప మాత్రం మనిషి బరువుని బట్టి మూడు సైజుల్లో దొరుకుతుంది. ఇద్దరు కలిసి నడిపేవి 420, 470. పెద్దవాళ్ళు కొత్తగా నేర్చుకోవాలంటే ఇద్దరి పడవలో ముందు సహాయకుడిగా ఎక్కడం మేలు. చుక్కాని అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో ఉంటుంది, మీ కళ్ళు గాలి మీద ఉంటాయి. అలా ఒక సీజను గడిపినవాళ్ళు సొంత పడవతో తంటాలు పడేవాళ్ళకంటే త్వరగా పైకొస్తారు.

నీళ్ళలోకి దిగిన మొదటి రోజు నేర్పేది బోల్తా కొట్టడం. పడవని కావాలనే పక్కకి పడేసి, డాగర్‌బోర్డు మీద కాళ్ళు పెట్టి వెనక్కి వాలి, దాన్ని తిరిగి నిలబెట్టాలి. ఈ భయం వదిలాకే చదువు మొదలవుతుంది. ఈత వచ్చి తీరాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన దుఃఖం తెలిసిన నదీతీరం మనది. ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదు.

నేర్చుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు తాడుని అతిగా బిగించడం. బిగువుగా ఉంటే వేగం వస్తుందనిపిస్తుంది. నిజానికి అలా బిగిస్తే పడవ వాలిపోయి, నీళ్ళని తోసుకుంటూ కుంటుతుంది. చాప ముందు అంచు రెపరెపలాడేదాకా తాడు వదలాలి, ఆ రెపరెప ఆగేంత మటుకే మళ్ళీ లాగాలి. ఈ వదలడం, లాగడం ప్రతి నిమిషం చేస్తూనే ఉండాలి. చాపకి అంటించిన చిన్న దారపు పోగులు రెండువైపులా వెనక్కి సాఫీగా ఎగురుతుంటే లెక్క సరిపోయినట్టు. నేర్చుకోవాల్సిన రెండో సంగతి పడవని సమంగా ఉంచడం. గాలి ఉధృతమైతే కాళ్ళు పట్టీలో ఇరికించి, అంచు మీంచి నడుం వెనక్కి వాల్చి బరువు వేస్తారు. తొడల్లో మంట పుట్టే పని ఇది. అందుకే పైస్థాయి పోటీదారులు ఒడ్డున కూడా గంటలకొద్దీ కసరత్తు చేస్తారు. మూడో సంగతి చుక్కాని. దాన్ని ఎంత తక్కువ కదిపితే అంత మంచిది. కదిపిన ప్రతిసారీ అది వేగానికి అడ్డమే. ఒంటి బరువుతోనే పడవని తిప్పడం అలవాటైననాడు చేతి నుంచి ఆట ఒంటికి వచ్చినట్టు.

ఇక గాలి చదవడం. ఈ ఆటలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, మన డెల్టా పిల్లలకి సహజంగా అబ్బేదీ ఇదే అని నా నమ్మకం. నీటి మీద నల్లని ముడతల పట్టీ కదిలి వస్తుంటే దానిలో గాలి ఉన్నట్టు. అద్దంలా మెరిసే చోట గాలి లేనట్టు. ఒడ్డున కొబ్బరి మట్టలు ఏ పక్కకి ఊగుతున్నాయి, ఇటుక బట్టీ పొగ ఎటు వాలుతోంది, అవతలి ఒడ్డు పొగ కూడా అటే వాలుతోందా? ఈ ప్రశ్నలు ఎప్పుడూ నడుస్తుండాలి. గాలి దిక్కు స్థిరంగా ఉండదు, అయిదు పది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ఎదురుగా ఎక్కేటప్పుడు పడవ ముక్కుకి సూటిగా ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోవాలి. గుడి గోపురమో తాటిచెట్టో చాలు. మీరు సరిగ్గానే నడుపుతున్నా ముక్కు ఆ గుర్తు నుంచి గమ్యానికి దూరంగా జారిపోతుంటే గాలి మీకు వ్యతిరేకంగా తిరిగినట్టు. వెంటనే టాక్ కొట్టాలి, అటువైపు ఆ గాలే మీకు లాభం. ముక్కు గమ్యం వైపు ఎక్కుతుంటే కదలకుండా సాగాలి. ఇంత చిన్న సూత్రాన్ని పాటించినవాడు పాటించనివాడికంటే ఒక్కసారి ఎదురుగాలికి ఎక్కేలోపే పదుల మీటర్లు ముందుంటాడు.

ఏటిలో ఇంకో పాఠం ఉంది. ఎగువకి పోయేటప్పుడు వాలు మందంగా ఉండే ఒడ్డు పక్కన, దిగువకి వచ్చేటప్పుడు వాలు జోరుగా ఉండే నడిమధ్యన నడపాలి. యానాం దగ్గరైతే పోటూ పాటూ చూసుకోవాలి. ఇది మన జాలరులకి వేరే చెప్పక్కర్లేదు. పట్నం కోచ్ దగ్గర దొరకని ఈ చదువు వాళ్ళ దగ్గర దొరుకుతుంది, అడిగి నేర్చుకోవాలి.

పందెం మొదలు పెట్టడమే ఒక విద్య. పరుగు పందెంలోలా గీత దగ్గర ఆగి నిలబడడం కుదరదు, నీళ్ళ మీద పడవ ఆగదు. అయిదు నిమిషాల ముందు మొదటి జెండా లేస్తుంది, నాలుగు నిమిషాల ముందు రెండోది. ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది, సున్నాకి పందెం మొదలు. ఆ అయిదు నిమిషాలూ తిరుగుతూనే ఉండి, సరిగ్గా సున్నాకి పూర్తి వేగంతో గీత మీద ఉండాలి. ముందే దాటితే వెనక్కి రావాలి. గీత మధ్యలో ముక్కుని గాలికి ఎదురు పెట్టి చూడండి. అది గీతలో ఏ కొస వైపు మొగ్గితే ఆ కొసనుంచి మొదలుపెట్టినవాడికి దూరం తగ్గుతుంది. గుంపు మొత్తం ఆ కొసకే ఎగబడితే పక్కవాడి చాప మీ గాలిని మింగేస్తుంది. అప్పుడు ఇంకొంచెం లోపలికి జరిగి శుభ్రమైన గాలిలో మొదలుపెట్టడమే తెలివి. సాధన చేసేటప్పుడు పూర్తి పందెం కంటే పది మొదళ్ళు వరసగా ఆడటం ఎక్కువ ఉపయోగం.

నియమాలు చాలా ఉన్నా మొదటి రోజుకి మూడు చాలు. గాలి ఎడమపక్క తగులుతున్న పడవ, కుడిపక్క తగులుతున్న పడవకి దారి ఇవ్వాలి. రెండూ ఒకే వైపు పోతుంటే గాలికి దగ్గరున్నది అవతలిదానికి తొలగాలి. వెనకున్నది ముందున్నదాన్ని తాకకూడదు. మామూలు పందెంలో ఈల వేసే రిఫరీ ఉండడు. తప్పు చేసినవాడు తనే ఒప్పుకుని అక్కడికక్కడే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకుంటాడు. పిల్లలకి నిజాయితీని పలక మీద రాయించకుండా నేర్పే ఆటలు తక్కువ. ఈ ఆట విలువ నా దృష్టిలో సగం ఇక్కడే ఉంది.

లెక్క కూడా నిలకడకే మొగ్గుతుంది. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. చివరికి తక్కువ వచ్చినవాడు విజేత. అయిదు పందేల్లో 1, 1, 9, 8, 1 వచ్చినవాడికి 20, ఎప్పుడూ మొదటి స్థానం రాకపోయినా 3, 2, 3, 4, 2 తెచ్చుకున్నవాడికి 14. చాలా పోటీల్లో చేసేట్టు చెరొక చెత్త ఫలితం తీసేసినా రెండోవాడే గెలుస్తాడు, 11కి 10. కాబట్టి మెరుపు గెలుపు కోసం గుంపుని వదిలి ఓ మూలకి పరిగెత్తకండి. ప్రతి పందెం అయ్యాక ఒక నోటుపుస్తకంలో గాలి ఎటు తిరిగింది, మీరు ఎక్కడ నష్టపోయారు అన్నది రాసుకోండి. మరుసటి వారం ఆ ఒక్క లోపం మీదే పని చెయ్యండి.

ఇదంతా మనకి ఎక్కడ దొరుకుతుంది? తెలుగు నేల మీద ఈ ఆటకి పెద్ద బడి హుస్సేన్‌సాగర్. సైన్యంవారి సెయిలింగ్ సంఘం అక్కడ ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతోంది. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సర్కారు బడి పిల్లల్ని, బస్తీ పిల్లల్ని తెచ్చి పడవ ఎక్కించింది. అక్కడే నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 మిశ్రమ విభాగంలో దేశం తరఫున ఆడింది. నేవీ పడవ తారిణి మీద 2017-18లో ప్రపంచం చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. కాలేజీ పిల్లలకి ఎన్‌సీసీ నౌకా విభాగం మంచి తలుపు. అందులో పడవ నడపడం నేర్పుతారు, ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో జాతీయ పోటీలూ పెడతారు.

నాకు బాగా ఆశ కలిగించేది భోపాల్. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. అక్కడి పెద్ద చెరువు మీద నేషనల్ సెయిలింగ్ స్కూల్ పెట్టారు. అందులో చదివిన రైతుబిడ్డ నేహా ఠాకూర్ హాంగ్‌ఝౌ క్రీడల్లో ఐఎల్‌సీఏ-4 రజతం తెచ్చింది. చెరువుకే అంత సత్తా ఉంటే అఖండ గోదావరికి ఎంత ఉండాలి?

రాజమండ్రి దగ్గర రోడ్డు కం రైలు వంతెన పొడవే దాదాపు 2.7 కిలోమీటర్లు. వంతెనలు దాటి ధవళేశ్వరం వైపు వస్తే బ్యారేజీ ఆపిన నీరు చెరువులా నిలుస్తుంది. గేట్ల జోలికి పోకుండా ఎగువనే గిరి గీసుకోవాలి. జులై నుంచి అక్టోబరు దాకా వరద, అప్పుడు పడవలన్నీ గట్టు మీదే. డిసెంబరు, జనవరి నెలల్లో మందగాలికి నేర్చుకోవాలి. మార్చి నుంచి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది, అది పందేల కాలం. కాస్త ముదిరినవాళ్ళకి కాకినాడ ఉంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి ఆ అఖాతంలో సముద్రపు గాలి ఉంటుంది, సముద్రపు కెరటాలు ఉండవు. ఇంత అనువైన నీళ్ళు పెట్టుకుని మన పిల్లలు తెరచాప పట్టాలంటే హైదరాబాద్ పోవాల్సి రావడం నాకు బాధగా ఉంది.

2027లో మళ్ళీ పుష్కరాలు. దానికోసం ఘాట్లు బాగుచేస్తారు, కొత్తవి కడతారు. ఘాటంటే మనకి మెట్లే. పడవని చిన్న బండి మీద పెట్టి నీళ్ళలోకి దించాలంటే మెట్లు పనికిరావు, నున్నటి వాలు కావాలి. రాజమండ్రి, కొవ్వూరు, ధవళేశ్వరం పెద్దలకి, ఇంజనీర్లకి నాదొక మనవి. మీరు కట్టే ఘాట్లలో ఒక్కదాని పక్కన నాలుగు మీటర్ల వెడల్పు సిమెంటు వాలు పోయించండి, దాని పైన పది పడవలు పెట్టుకునే షెడ్డు ఒకటి వేయించండి. పుష్కరాలు పన్నెండు రోజుల్లో అయిపోతాయి. ఆ వాలు మీద మన పిల్లలు ఏళ్ళ తరబడి పడవలు దించుకుంటారు.