డబ్బులందాయని చెప్పే డబ్బా

సాయంత్రం వేళ మిర్చిబజ్జీల బండి దగ్గర మూకుడులో నూనె సలసల కాగుతుంటుంది. బజ్జీలు వేసే ఆమె రెండు చేతులకూ శనగపిండే. ఎదురుగా ఆరేడుగురు ఫోన్లు పట్టుకుని నిలబడతారు. అంతలో బండి మూలనున్న చిన్న డబ్బా గొంతు విప్పుతుంది: నలభై రూపాయలు అందాయని. ఆమె తలెత్తకుండానే పొట్లం అందిస్తుంది.

అరచేతిలో ఇమిడే ఆ సౌండ్ బాక్స్‌ పనితనం చూసి తీరాలి. దాని లోపల సొంత సిమ్ ఉంటుంది కాబట్టి, యజమాని ఫోన్ ఇంట్లో పిల్లల చేతిలో ఉన్నా దాని పని దానిదే. కొనేవారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కాక, సొమ్ము జమైన కబురు పేమెంట్ సంస్థ సర్వర్ నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా డబ్బాకు చేరుతుంది. అది ఆ అంకెను మాటగా మార్చి, వీధి రొదను మించి తెలుగులో వినిపిస్తుంది. ఫోన్‌పే డబ్బాల్లోనైతే మహేశ్‌బాబు గొంతూ పెట్టుకోవచ్చు.

పాత స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవారి ఆటలు ఇక సాగవు.

చదువు రానివారు మెసేజ్ తెరిచి ఇంకొకరిని అడగనక్కర్లేదు. చిల్లర కోసం పక్క కొట్టుకు పరుగెత్తనక్కర్లేదు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారికి ఎండీఆర్ అనే లావాదేవీ రుసుము లేదు. పది రూపాయల టీకి పదీ దక్కుతాయి. డబ్బాకు మాత్రం చాలాచోట్ల నెలనెలా అద్దె కట్టాలి. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి పనిచేస్తుంది కనుక కరెంటు లేని తోపుడుబండికీ, రైతుబజారులో ఆకుకూరలు పరిచే రైతుకూ అది చక్కగా సరిపోయింది.