పునఃపఠనము – కన్యాశుల్కము

ఒక గ్రంథము పలుమారు చదువదగినదని చెప్పుట సులభము. ఏల చదువదగినదో నిరూపించుట కష్టము. సాహిత్యగోష్ఠులలో ఈ ప్రశ్నకు సామాన్యముగా రెండు సమాధానములు వినబడుచుండును. శైలి రమ్యమగుటచేత నని కొందరు, విషయము శాశ్వతమగుటచేత నని కొందరు చెప్పుదురు. రెండును అసత్యములు కావు. కాని రెండును చాలవు. రమ్యమైన వాక్యము కంఠస్థమైన పిమ్మట గ్రంథము తెరువవలసిన పని యుండదు. శాశ్వతసత్యమును ఒకమారు గ్రహించినవానికి మరల గ్రహింపవలసిన అగత్యము లేదు. మాఘకవి శిశుపాలవధమున, పలుమారు చూచిన రైవతకగిరియే కృష్ణునకు మున్నెన్నడును చూడనిదానివలె విస్మయము కలిగించెనని వర్ణించి, క్షణక్షణమును క్రొత్తదనము పొందుటయే రమణీయతకు స్వరూపమని నిర్వచించెను. కొండ మారలేదు, మారినది చూచువాడు. పునఃపఠనమునకు యోగ్యమైన గ్రంథమున గూడ ఈ లక్షణమే కలదని మా అభిప్రాయము. చదువరి మారినకొలది అతనికి క్రొత్తగా కనబడవలసినది గ్రంథములో ముందే యుండవలెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నుదాహరణముగా గొని ఈ విషయమును పరిశీలింతము.

విజయనగరమున ఈ నాటకమును గూర్చి మాటలాడుటలో ఒక చిక్కు కలదు. ఇచ్చట దీనిని ఎరుగనివారు లేరు. కథ కోట యెదుటి బొంకుల దిబ్బ మీదనే ప్రారంభమగును. గిరీశము పలుకులు అంగడులలోను, పెండ్లివిందులలోను నేటికిని వినబడుచుండును. చదువని వారికిని నాలుగు సంభాషణలు నోటికి వచ్చును. చదివినవారికిని తరచుగా ఆ నాలుగే వచ్చును. కావున ఈ గ్రంథమునకు కలిగిన అపాయము విస్మృతి కాదు, అతిపరిచయము. వల్లెవేయుట వేరు, మరల చదువుట వేరు. వల్లెవేయువాడు తాను ఇదివరకు నవ్విన చోటనే నవ్వును. మరల చదువువాడు, తాను నవ్విన చోట ఇప్పుడేల నవ్వు రాలేదని ఆగును.

కన్యాశుల్కమును మొట్టమొదట మరల చదివినవారు గురజాడవారే. నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శితమైనది. 1897లో ఆనందగజపతి మహారాజునకు అంకితమై అచ్చుపడినది. అప్పుడది ఐదంకముల నాటకము. పండ్రెండేండ్ల తరువాత, 1909లో, గ్రంథకర్త దానిని ఏడంకములుగా పెంచి, పెక్కు రంగములను తిరుగ వ్రాసి, రెండవకూర్పు ప్రకటించిరి. ప్రేక్షకులు మెచ్చిన కృతిని అట్లే మరల అచ్చువేయించుకొనుట లోకములోని వాడుక. మెచ్చుకోలు పొందిన పిదప దానిని విప్పి తిరుగ కట్టుట అరుదు. ఈ రెండవకూర్పున మధురవాణి పాత్ర మిక్కిలి విస్తరించినది. 1969లో బంగోరెగారు మొదటికూర్పును మరల వెలుగులోనికి తెచ్చుటచేత, రెండు పాఠములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచు అవకాశము మనకు కలిగినది. పునఃపఠనమనగా నేమో తెలిసికొనగోరు పరిశోధకునకు ఇంతకు మించిన పాఠశాల లేదు.

ఇక మా అనుభవమునకు వత్తము. విద్యార్థిదశలో మేము ఈ నాటకమును గిరీశము కొరకు చదివితిమి. రెండవ అంకమున అగ్నిహోత్రావధానులుగారి యింట గిరీశము, వెంకటేశము ఆంగ్లములో మాటలాడినట్లు నటించు ఘట్టమున కడుపుబ్బ నవ్వితిమి. శిష్యుడు చిన్నపిల్లల గేయములను, వాచకములోని వాక్యములను, క్షేత్రగణితములోని ముక్కలను కలగలిపి అప్పగించును. గురువు గంభీరముగా బదులు పలుకును. వెంకమ్మ కుమారుని పాండిత్యమునకు మురిసిపోవును. ఆనాడు మేము ఆ తల్లి అమాయకత్వమునకు నవ్వితిమి.

ఉపాధ్యాయవృత్తి చేపట్టిన తరువాత అదే ఘట్టము వేరుగా కనబడినది. గిరీశము ఉపాధ్యాయుడను సంగతి మాకు అంతకుముందు పట్టలేదు. అతడు విద్యార్థికి విద్య నేర్పలేదు. విద్య యున్నట్లు కనబడుట నేర్పినాడు. వెంకటేశము అప్పగించినవన్నియు బడిలో ఎవరో ఒకరు చెప్పిన పాఠములే. పదములు సరియైనవే, వానికి అర్థముతో సంబంధము తెగిపోయినది. పరీక్షాపత్రములు దిద్దుచు, అలంకారశాస్త్రము నుండి నాలుగు నిర్వచనములు, విమర్శకుల పేర్లు మూడు వరుసగా పేర్చిన సమాధానములను చూచినప్పుడెల్ల మాకు ఆ ఘట్టమే జ్ఞప్తికి వచ్చును. అట్టి సమాధానములకు మంచి మార్కులు వేసిన చేయియు మాదే. ఈమారు నవ్వు మామీదికి తిరిగినది. వెంకమ్మ మీద నవ్వు మాత్రము నిలువలేదు. తనకు తెలియని విద్యను నమ్మి కుమారుని కప్పగించిన ఆ తల్లియే, చిన్నకుమార్తెను ముసలివానికి అమ్మవలదని భర్త నెదిరించి, నూతిలో పడెదనని బెదరించిన స్త్రీ. ఆ యింటిలో అక్షరము రానివారికే వివేకము కలదు.

నాటకము చివరి భాగమునను ఇట్టి మార్పే కలుగును. మొదటిమారు చదువువానికి సౌజన్యారావు పంతులు ఉత్తముడు, కథను చక్కదిద్దువాడు. మరల చదువువానికి ఆయన ఉత్తమత్వములోని యిరుకుదనము తోచును. వేశ్యలను గూర్చి ఆయనకు గల ఏవగింపు ఎంత గాఢమైనదనగా, మధురవాణి పురుషవేషము ధరించినగాని ఆయన యెదుటికి రాజాలదు. లుబ్ధావధానులను హత్యానేరము నుండి తప్పించు సత్యము ఆమెయొద్దనే యున్నది. సంస్కర్త తాను అంటరానిదనుకొన్న చేతినుండియే సత్యమును పొందవలసివచ్చినది. గురజాడవారు సంస్కరణమునకు ప్రతికూలురు కారు. సంస్కర్తను గూడ పరీక్షింపక విడువలేదు. కేవలము ప్రచారార్థమైన రచన యిట్లు తన పక్షమువానినే ప్రశ్నింపదు.

ఇచట ఒక ఆక్షేపణ సహజముగా పుట్టును. కన్యాశుల్కాచారము తొలగిపోయినది. పెండ్లికుమార్తె తండ్రి సొమ్ము పుచ్చుకొనుట పోయి, సొమ్ము చెల్లించుట మిగిలినది. ఆచారముతోపాటు నాటకమును చరిత్రవస్తువు కాలేదా? మేము గూడ చాలకాలము పీఠికను చరిత్రగానే బోధించితిమి. మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహముల పట్టిక తయారు చేయించెననియు, అవి 1034 అనియు చెప్పి, ఆ సంఖ్యను పరీక్షకు ఉపయోగించునదిగా గుర్తుపెట్టుకొండని విద్యార్థులకు చెప్పుచుంటిమి.

ఒకనాడు తరగతిలో శ్రీకాకుళము ప్రాంతపు విద్యార్థిని యొకతె లేచి, "అందరూ సుబ్బి కోసమే మాటాడతన్నారు గదా మేస్టారూ, సుబ్బినెవులైనా అడిగినారా?" అని ప్రశ్నించినది. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి నాటకమును మొదటినుండి చదివితిమి. తండ్రికి ఆమె ధర, తల్లికి ఆమె దుఃఖము, మేనమామ కరటకశాస్త్రికి ఆమెను తప్పించు ఉపాయము, రామప్పపంతులునకు పెండ్లిబేరములలో దక్కు లాభము. ఆమె మేలు కోరువారు గలరు. ఆమెను అడిగినవారు లేరు. పిదప పీఠిక తెరచితిమి. పట్టికలోని పిల్లలలో అయిదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏండ్ల తరబడి మేము బోధించిన అంకెలే ఇవి. వీరిలో మాటలు రానివారును గలరని మాకు ఆనాడే స్ఫురించినది. వారిని అడుగుట ఎట్లు? ఆ విద్యార్థిని ప్రశ్నకు సమాధానము గ్రంథపు తొలిపుటలలోనే యుండెను. మేము దానిని సంఖ్యగా చదివితిమి.

అట్లని ఈ నాటకము నిర్దుష్టమని మేము చెప్పబోము. రెండవకూర్పు ప్రదర్శనమునకు మిక్కిలి దీర్ఘము. కొన్ని రంగములు కథను నడపుటకంటె పాత్రల మాటతీరును చూపుటకే యున్నట్లు తోచును. సౌజన్యారావు, గిరీశముతో పోల్చినచో, రక్తమాంసములు తక్కువైన పాత్ర. కాని నిర్దోషత్వము వేరు, అక్షయత్వము వేరు. దోషములేని కావ్యములు పెక్కింటిని మేము ఒకమారు చదివి నమస్కరించి బీరువాలో పెట్టితిమి.

ఈ పరిశీలనమువలన మాకు తోచిన నిర్ణయమిది. గ్రంథము పునఃపఠనమునకు యోగ్యమా కాదా యనుటకు చదువరి ప్రీతి ప్రమాణము కాదు; ప్రీతి అలవాటువలనను కలుగును. మొదటి పఠనమున మనము ఎవరి పక్షమున నుంటిమో, తరువాతి పఠనమున అచటనే నిలువలేకపోవుట ప్రమాణము. గిరీశముతో కలిసి నవ్వినవాడు వెంకమ్మ యొద్దకును, అచటినుండి సుబ్బి యొద్దకును జరుగవలసివచ్చుట ఈ నాటకపు బలము. మా జరుగుబాటునకు మా తెలివి కారణము కాదు. వృత్తి యొకమారు, విద్యార్థిని ప్రశ్న యొకమారు మమ్ము కదల్చినవి.

కనుక బోధకులకు మా మనవి యొకటి. ప్రతి సంవత్సరము పాఠము చెప్పవలసిన గ్రంథమును, చెప్పుటకు ముందు పాత వ్రాతప్రతులను ప్రక్కన పెట్టి, ఒకమారు పూర్తిగా చదువవలెను. పరిశోధకులు 1897, 1909 పాఠములను అంకము వెంట అంకముగా సరిపోల్చి, గ్రంథకర్త ఎచట తన తొలి నవ్వును తానే ఉపసంహరించుకొనెనో పరిశీలింపవలెను. ఆ విద్యార్థిని ప్రశ్నను మేము ఇప్పుడు ప్రతి సంవత్సరము తరగతిలో మొదటినాడే అడుగుచున్నాము. దానికి ఇచ్చెడి సమాధానమును మాత్రము ముందుగా వ్రాసికొని పోవుట మానితిమి.