రెండు గుర్తులు మోసే కణం

ఎక్కడ పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రే తీసినా గుండె పైభాగాన తెరచాపలా ఒక నీడ కనిపించవచ్చు. అలవాటు లేని కన్ను దాన్ని న్యుమోనియా అనుకుంటుంది. అది థైమస్ గ్రంథి. దాని పనేమిటో 1961లో శాస్త్రవేత్త జాక్ మిల్లర్ తేల్చేదాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయన ప్రయోగాల్లో, పుట్టగానే థైమస్ తీసేసిన ఎలుకలకు రోగనిరోధక శక్తి నిలవలేదు.

ఎముక మూలుగ నుంచి వచ్చిన కణానికి థైమస్‌లో నాచ్ అనే గ్రాహకం ద్వారా సంకేతం అందాలి. అందకపోతే అది బీ కణం అనే మరో రకం రోగనిరోధక కణం వైపు మళ్లిపోతుంది. అందితే, టీ కణమయ్యే దారి పట్టి, జన్యువుల ముక్కలు కలిపి తనదైన గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. ఆ తర్వాతి ఘట్టమే నన్ను కట్టిపడేస్తుంది.

ఈ దశలో కణం సీడీ4, సీడీ8 అనే రెండు గుర్తులనూ మోస్తుంది. సీడీ4 మిగిలితే సహాయక కణం, సీడీ8 మిగిలితే సంహారక కణం. గ్రాహకం ఏ గుర్తుతో జతకుదురుతుందో కణానికి ముందే తెలియదు. ఆల్‌ఫ్రెడ్ సింగర్ బృందం ఇచ్చిన వివరణ ప్రకారం, ఆ గ్రాహకం నుంచి సంకేతం అందగానే కణం సీడీ8 తయారీని ఆపేసి చూస్తుంది. సీడీ8 తగ్గినా సంకేతం ఆగలేదా, దాని ఆధారం సీడీ4 అన్నమాట; సహాయక కణమవుతుంది. ఆగిపోయిందా, ఇంటర్‌ల్యూకిన్-7 అనే ప్రోటీన్ ఊతంతో సీడీ8ను మళ్లీ తెచ్చుకుని సీడీ4ను వదిలేస్తుంది. ఊహించి నిర్ణయించుకోదు, ఒకదాన్ని తీసి పరీక్షించుకుంటుంది. ఎంత నిక్కచ్చి పనితనం!

తేలిన నిర్ణయానికి ముద్ర వేసేవి రెండు ప్రోటీన్లు: సహాయక దారికి థ్‌పాక్, సంహారక దారికి రన్‌ఎక్స్3. ఒకటి రెండోదాన్ని అణచిపెడుతుంది. సహాయక కణాలే లేని ఒక ఎలుకజాతిలో థ్‌పాక్ ప్రోటీన్‌లో మారింది ఒకే ఒక్క అమైనో ఆమ్లమని 2005లో తేలింది. సహాయక కణాలు కావాల్సినవి వాటిలో సంహారక కణాలైపోతున్నాయి.

థైమస్‌లో తయారయ్యే కణాల్లో చాలా భాగం బయటికి రాకుండానే చనిపోతాయి. ఏ సంకేతమూ అందనివి, సొంత ఒంటినే గట్టిగా పట్టుకునేవి అక్కడే ముగిసిపోతాయి.

హెచ్‌ఐవీ దాడిచేసేది సీడీ4 గుర్తున్న ఈ సహాయక కణాల మీదే. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) కేంద్రంలో రోగి కార్డు మీద రాసే సీడీ4 సంఖ్య వీటి లెక్కే. యవ్వనం నుంచే థైమస్ కుంచించుకుపోతూ వస్తుంది కాబట్టి పోయిన కణాల స్థానంలో కొత్తవి నెమ్మదిగా వస్తాయి. సీడీ4 సంఖ్య పడిపోయేదాకా ఆగకుండా, నిర్ధారణ కాగానే మందులు మొదలుపెట్టే పద్ధతి మన దేశంలో 2017లో వచ్చింది.