వినిపించేది ఎవరి శ్రమ?

సినిమాల గురించి రాసే మన రచయితలు కథావస్తువును చర్చిస్తారు, నటనను తూకం వేస్తారు, ఛాయాగ్రహణాన్ని మెచ్చుకుంటారు. శబ్దం దగ్గరికి వచ్చేసరికి “ధ్వనిముద్రణ బాగుంది” అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. శ్రమజీవి పక్షాన నిలబడ్డామని చెప్పుకునే విమర్శ కూడా తెరమీది కూలివాణ్ణి చూసినంతగా తెరవెనుక పనివాణ్ణి చూడలేదు. ఇది దృక్పథానికి సంబంధించిన లోపం.

2022 జూలైలో ప్రకటించిన 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలే దీనికి ఉదాహరణ. చిత్రీకరణ స్థలంలోనే శబ్దాన్ని గ్రహించిన సినిమాకు ఇవ్వవలసిన పురస్కారం ‘డొళ్ళు’ అనే కన్నడ చిత్రానికి దక్కింది. డోలు వాయించే కళాకారుల జీవితం వస్తువుగా సాగర్ పురాణిక్ తీసిన చిత్రమది. ప్రకటన వెలువడగానే, ఆ చిత్రానికి శబ్ద రూపకల్పన చేసిన నితిన్ లూకోసే, అందులోని సంభాషణలు తర్వాత డబ్బింగ్ చెప్పించినవని బహిరంగంగా చెప్పారు. ఆస్కార్ పొందిన శబ్ద నిపుణుడు రసూల్ పూకుట్టి కూడా ఆ పొరపాటును ఎత్తిచూపారు.

న్యాయనిర్ణేతలే పోల్చుకోలేనప్పుడు తేడా ఏమిటని అడగవచ్చు. తేడా పనిలో ఉంది. సెట్ మీద బూమ్ పట్టేవాడు పొడవాటి కర్ర చివరి మైకును నటుడి తలపైన నిలపాలి. దాని నీడ కూడా దృశ్యంలో పడకూడదు. నటుడు తల తిప్పితే మైకు తిరగాలి. అంటే సంభాషణలు అతనికీ కంఠతా రావాలి. రికార్డిస్టు ఫ్యాన్లు ఆపించాలి, జనరేటరును దూరంగా పెట్టించాలి. చివర అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని కూడా కాసేపు ముద్రించుకోవాలి. ఏ చోటి నిశ్శబ్దం ఆ చోటిదే. అది లేకపోతే మాటకూ మాటకూ మధ్య అతుకు తెలిసిపోతుంది.

స్టూడియోలో పెదవుల కదలికకు మాటను, నడకకు అడుగుల చప్పుడును సరిపెట్టడం మరో రకం నైపుణ్యం. అదీ చిన్నది కాదు. 2009 నాటి చిత్రాల నుంచి ఈ పురస్కారాన్ని మూడుగా విభజించి, లొకేషన్ ధ్వనిముద్రణను, శబ్ద రూపకల్పనను, తుది మిశ్రమాన్ని వేరువేరుగా గుర్తించారు. ఒక శ్రమను మరో శ్రమ పేరుతో సత్కరిస్తే ఇద్దరికీ అన్యాయమే: ఎండలో బూమ్ మోసినవాడికీ, స్టూడియోలో ఆ ఎండను వినిపించినవాడికీ.

ఈ అయోమయానికి చరిత్ర ఉంది. 1931లో ‘ఆలం ఆరా’ తీసినప్పుడు స్టూడియో పక్కనే రైలు పట్టాలుండడంవల్ల, రైళ్లు ఆగిన రాత్రివేళల్లో, మైకులు దాచిపెట్టి చిత్రీకరించారు. అప్పుడు చిత్రీకరణకు శబ్దమే వేళలు నిర్ణయించింది. తర్వాత నేపథ్యగానం వచ్చింది. మోసుకుపోవడానికి వీలైన, కాని చప్పుడు చేసే కెమెరాలు వచ్చాయి. మాట కూడా స్టూడియోకు తరలిపోయింది. చౌకగా, వేగంగా తీయడానికి పుట్టిన ఏర్పాటు కళాసంప్రదాయంగా స్థిరపడింది. కచ్ ప్రాంతంలో తీసి 2001లో విడుదల చేసిన ‘లగాన్’ స్థలంలోని శబ్దాన్నే వాడి ఆ అలవాటును ప్రశ్నించింది. కాని చెవి మారలేదు. ఒకరి దేహానికి మరొకరి గొంతు అతికించడం తెలుగు ప్రేక్షకుడికి ఇప్పటికీ వింత కాదు.

రచయితలకు ఇందులో పాఠముంది. మన కథల్లోనూ డబ్బింగ్ ఉంది. పాలేరు మాట్లాడే వాక్యాన్ని బల్లదగ్గర శిష్టభాషలో రాసుకుని, పైన నాలుగు మాండలిక పదాలు అద్దితే అది పాలేరు మాట కాదు. ఆ మాటలో పొలం గాలి ఉండదు, పని మధ్యలో ఆగిన ఊపిరి ఉండదు.

సినిమా విమర్శకుడు ఇకనుంచి రెండు ప్రశ్నలైనా వేసుకోవాలి: ఈ శబ్దం ఎక్కడ పుట్టింది? ఎవరు పుట్టించారు? పనివాడి పేరు తెలియని విమర్శ, శ్రమను ఎంత కీర్తించినా, గాలికబుర్లుగానే మిగులుతుంది.