ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి: 'ఆదిత్య 369' ఉత్తరకథకై నిరీక్షణ

1991 జులై 18న విడుదలైన 'ఆదిత్య 369' చిత్రానికి ఉత్తరకథ కావాలన్న కోరిక మూడు దశాబ్దాలకు పైగా తెలుగు ప్రేక్షకులలో నిలిచి ఉంది. కథానాయకుడు నందమూరి బాలకృష్ణ 'ఆదిత్య 999 మ్యాక్స్' పేరుతో ఆ ఉత్తరకథను పలు వేదికలపై ప్రకటించారు. తన కుమారుడు మోక్షజ్ఞ అందులో నటిస్తాడని కూడా చెప్పారు. 2025 ఏప్రిల్‌లో పాత చిత్రమే 4కె రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. రాబోయే చిత్రం ఎలా ఉంటుందన్న ఊహాగానం ఈ వ్యాసానికి విషయం కాదు. ముగిసిన ఒక కథకు కొనసాగింపు కావాలని శ్రోత కోరుకోవడంలో ఏముంది, ఆ కోరికను తీర్చే అర్హత దేనికి ఉంటుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. వీటికి జవాబు వెదకడానికి పరాయి సిద్ధాంతాల దాకా పోనవసరం లేదు. మన అలంకారికులు వాక్యాన్ని గురించి చెప్పిన మాటలు చాలినంత పనికివస్తాయి.

పదాల సమూహం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి అనే మూడూ ఉండాలి. ఒక పదం వినగానే మరొక పదం కోసం కలిగే అపేక్ష ఆకాంక్ష. ఆ పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. నడుమ విచ్ఛేదం లేకుండా అవి బుద్ధికి అందడం ఆసత్తి. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఆకాంక్షను శ్రోత జిజ్ఞాసగా వివరించాడు. ఆసత్తిని గురించి చెబుతూ అతడు చూపిన ఉదాహరణ మన చర్చకు మరింత దగ్గరిది: ఈ రోజు పలికిన 'దేవదత్తుడు' అన్న పదం మరొక రోజు పలికిన 'వెళుతున్నాడు' అన్న పదంతో అన్వయించదు. ఒక్క రోజు ఎడమే వాక్యాన్ని తెంచివేస్తే, ముప్పై ఏళ్లకు పైబడిన ఎడం తరువాత వచ్చే కథ మొదటి కథతో ఎలా అన్వయిస్తుంది?

ముందుగా ఆకాంక్షను చూద్దాం. సింగీతం శ్రీనివాసరావు ఈ చిత్రానికి ప్రేరణగా తాను కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ నవల 'ద టైమ్ మెషీన్'ను పేర్కొన్నారు. 1895లో వెలువడిన ఆ నవల చివరలో కాలయాత్రికుడు రెండవసారి బయలుదేరి వెళతాడు, తిరిగి రాడు. అంటే అక్కడ ఆకాంక్ష రచనలోనే ఉంది. వెళ్లినవాడు ఏమయ్యాడన్న ప్రశ్నను రచయితే విడిచిపెట్టాడు. సరిగ్గా నూరేళ్లకు, 1995లో, వెల్స్ వారసుల అనుమతితో స్టీఫెన్ బాక్స్‌టర్ 'ద టైమ్ షిప్స్' అనే ఉత్తరకథ రాశాడు. 'ఆదిత్య 369'లో అటువంటి ఖాళీ లేదు. కృష్ణకుమార్, హేమ 1526 నాటి విజయనగరానికి, అక్కడి నుండి అణుయుద్ధానంతరం మానవులు భూగర్భంలో తలదాచుకున్న 2504కు వెళ్లి, తిరిగి తమ కాలానికి చేరుకుంటారు. వజ్రం కోసం పన్నాగాలు పన్నిన రాజావర్మ కథ ముగుస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం వజ్రం చుట్టూ అల్లిన ముడి విడిపోతుంది. మన కావ్యాలు ఫలశ్రుతితో తలుపు మూసినంత నిండుగా ఈ చిత్రమూ తలుపు మూసింది.

కాబట్టి ఇక్కడి ఆకాంక్ష రచనది కాదు, పూర్తిగా శ్రోతదే. అయితే ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కాలయంత్రం ఒకసారి కథలో ప్రవేశించాక, అది వెళ్లని శతాబ్దాలన్నీ చెప్పని ఉపాఖ్యానాలుగా మిగిలిపోతాయి. సూతుడు శౌనకాదులకు కథ చెబుతున్నంతసేపూ మరొక కథకు చోటు ఉన్నట్లే, యంత్రం ఉన్న చోట మరొక యాత్రకు చోటు ఉంటుంది. పిల్లలు ఈ చిత్రం చూసి "ఇంకా ఎక్కడికి వెళ్లి ఉంటారు?" అని అడగడంలో ఉన్నది ఈ పౌరాణిక శ్రోత జిజ్ఞాసే.

ఇక ఆసత్తి. విశ్వనాథుని ఉదాహరణను తెలుగు సాహిత్య చరిత్ర ఒకసారి తారుమారు చేసింది. పదకొండవ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుండి మొదలుపెట్టాడు. పద్నాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన వచ్చి అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు; నన్నయ శైలితో మొదలుపెట్టి తిక్కన శైలి వైపు మెల్లగా నడిపించాడని విమర్శకుల మాట. అంతకంటె విశేషం, ఆ భాగాన్ని తన ప్రభువుకు కాక, ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితంగా నిలిపాడు. సుమారు మూడు శతాబ్దాల విచ్ఛేదం తరువాత కూడా వాక్యం పూర్తి అయింది. ఎందుకు? ఆ నడిమి కాలంలో నన్నయ భారతం చదవబడుతూ, వినబడుతూ ఉంది కనుక. పదాన్ని పలికినవాడు మౌనం వహించినా, విన్నవారు దానిని నోట నిలుపుకున్నారు. ఆసత్తి వక్త చేతిలోనే ఉండవలసిన పని లేదనీ, శ్రోతల సమాజం దానిని కాపాడగలదనీ ఈ ఉదంతం చెబుతుంది.

'ఆదిత్య 369' విషయంలో అభిమానులు చేసిన పని ఇదే. ఈ చిత్రాన్ని నేటికీ ప్రేమించేవారిలో చాలామంది దానిని తొలి విడుదలలో చూడలేదు. ఈ వ్యాసకర్త పుట్టింది కూడా ఆ తరువాతే. పరిచయం టెలివిజన్‌లోనే, అదీ ఒక్కసారి కాదు. చిత్రం పదే పదే ప్రసారమైంది, సంభాషణలు ఇళ్లలో మాటవరసలయ్యాయి, పాటలు కచేరీలలో నిలిచాయి. మనకు 'అభిమాని' అనగానే నటుడి అభిమానే స్ఫురిస్తాడు. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు అభిమాన సంఘాలను గురించి చేసిన అధ్యయనం కూడా ప్రధానంగా నటుడికీ అభిమానికీ నడుమ ఉన్న బంధాన్నే ఆధారం చేసుకుంది. ఈ చిత్రానికి మాత్రం మరొక రకం అభిమాని ఉన్నాడు. అతడు ఏ నటుడి పక్షానా ఉండకపోవచ్చు. అతని అభిమానం ఒక రచన మీద. గత ముప్పై ఏళ్ల ఆసత్తిని మోసినవారిలో ఈ రెండవ రకం వారి పాలు చిన్నది కాదని నా అభిప్రాయం.

చిక్కంతా యోగ్యత దగ్గర వచ్చింది. ఉత్తరకథను గురించి ఇంతవరకు బహిరంగంగా వినబడిన మాటలలో కథ కంటె వారసత్వానిదే పెద్ద గొంతు. తండ్రి నటించిన చిత్రానికి కొనసాగింపులో కుమారుడు నటించడమే యోగ్యతగా చలామణి అవుతున్నది. దీనిని కేవలం వాణిజ్యమని తోసిపుచ్చడం తేలిక. కానీ 1991 చిత్రాన్ని నిదానంగా చూస్తే ఆ విమర్శ మన వైపే తిరుగుతుంది. అందులో బాలకృష్ణ ద్విపాత్రాభినయం చేశారు: ఆధునిక యువకుడు కృష్ణకుమార్, శ్రీకృష్ణదేవరాయలు. ఆ రాయల పాత్రను అంతకుముందు 'తెనాలి రామకృష్ణ' (1956)లోనూ, 'మహామంత్రి తిమ్మరుసు' (1962)లోనూ ధరించినవారు ఎన్.టి. రామారావు. కాలయంత్రం దిగి కృష్ణకుమార్ రాయల సభలో అడుగుపెట్టినప్పుడు 1991 నాటి ప్రేక్షకుడు చూసినది పదహారవ శతాబ్దిని మాత్రమే కాదు, తన చిన్ననాటి వెండితెరను కూడా. తండ్రి కూర్చున్న సింహాసనం మీద కుమారుడు కూర్చున్నాడు. ఆ కుమారుడే ఎదురుగా సామాన్య యువకుడై నిలబడి చూస్తున్నాడు. ఆ విధంగా 'ఆదిత్య 369' అప్పటికే ఒక ఉత్తరకథ.

అయితే తేడా ఒకటుంది, దానిని చిన్నదిగా చూడరాదు. సింగీతం ఆ వారసత్వాన్ని కథకు పనిముట్టుగా వాడారు. రాయల సభను తెలుగువారు చరిత్ర గ్రంథాల నుండి కాక భువనవిజయ రూపకాల నుండి, చాటువుల నుండి, పాత చిత్రాల నుండి ఎరుగుదురు. తెనాలి రామకృష్ణుడు నిజంగా రాయల ఆస్థానంలో ఉన్నాడా అన్న చర్చ సాహిత్య చరిత్రకారులది. చిత్రానికి ఆ సందేహం అక్కరలేదు. చంద్రమోహన్ ధరించిన ఆ పాత్ర తెరపైకి రాగానే ప్రేక్షకుడు తనకు తెలిసిన ఇంటికి వచ్చినట్లు కుదుటపడతాడు. జంధ్యాల సంభాషణలు సభాభాషకూ నేటి వాడుకకూ నడుమ ఉన్న దూరాన్నే హాస్యంగా మలచుకున్నాయి. అంటే కాలయంత్రం ప్రయాణించినది నిజానికి తెలుగు భాషలో. తండ్రి పాత్రను కుమారుడు ధరించడం ఆ ప్రయాణానికి తోడ్పడింది. ప్రయాణానికి బదులుగా నిలవలేదు.

ఈ దృష్టితో చూస్తే ఎదురుచూపులోని విషాదం కొంత అర్థమవుతుంది. భాగవతంలో కకుద్మి తన కుమార్తె రేవతికి తగిన వరుని గురించి అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గడిచినది కొద్ది సేపు. ఇక్కడ యుగాలు గడిచిపోయాయి, అతడు మనసులో అనుకున్న వరులెవరూ మిగలలేదు. 'ఆదిత్య 369' అభిమాని స్థితి దీనికి దగ్గరిది. రాజనర్తకిగా నటించిన సిల్క్ స్మిత 1996లో, జంధ్యాల 2001లో, రాజావర్మ పాత్రధారి అమ్రీష్ పురి 2005లో, చిత్ర సమర్పకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో, చంద్రమోహన్ 2023లో కన్నుమూశారు. 1931లో జన్మించిన సింగీతం తొంభైలు దాటారు. అభిమాని "మళ్లీ కావాలి" అంటున్నది ఎవరిని అన్న ప్రశ్నకు పేర్ల పట్టికలో జవాబు దొరకదు. ఎఱ్ఱన నన్నయను తిరిగి తీసుకురాలేదు, నన్నయ వదిలిన పనిని తీసుకున్నాడు.

మరి ఈ చిత్రం వదిలిన పని ఏది? పూర్తి అయిన కథలో అసంపూర్ణంగా ఉన్న భాగం ఒక్కటే: 2504. విజయనగర భాగం నిండుగా, తీరికగా సాగుతుంది. భవిష్యత్తు భాగం పలుచన. అందులో ప్రమాదం ఉంది, హెచ్చరిక ఉంది, యంత్రాలు ఉన్నాయి, జీవితం తక్కువ. ఇది సింగీతం ప్రతిభాలోపం కాదని భావిస్తాను. 1526కు అండగా నాలుగైదు శతాబ్దాల తెలుగు వాఙ్మయం ఉంది. భవిష్యత్తును ఊహించే తెలుగు రచన అంత సమృద్ధిగా లేదు. దర్శకుడు చేయి చాపితే అందవలసిన అరలో పెద్దగా ఏమీ లేదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'కి సింగీతం మార్గదర్శకులుగా ఉన్నారు. ఆ చిత్రం కూడా భవిష్యత్తును నింపడానికి మహాభారతాన్నే ఆశ్రయించింది. పైగా తనంత తానే అసంపూర్ణంగా ముగిసి, ఉత్తరకథను ముందుగానే వాగ్దానం చేసింది. అక్కడ ఆకాంక్షను నిర్మాతలే తయారుచేసి ప్రేక్షకునికి అందించారు. దానికి ఎదురుచూడడానికీ, మూసిన తలుపును శ్రోతలే తట్టడానికీ భేదం ఉంది.

అందువల్ల 'ఆదిత్య 369'కు యోగ్యమైన ఉత్తరకథ మళ్లీ రాయల సభకు వెళ్లనవసరం లేదు. ఆ వాక్యం అక్కడ పూర్తి అయింది. రేడియోధార్మికతకు భయపడి నేల కిందికి దిగిన ఆ మనుషుల వద్ద యాత్రికులు ఆగినది కొద్దిసేపే. వారు పిల్లలకు ఏ కథలు చెబుతున్నారు, ఏ పద్యాలు గుర్తుంచుకున్నారు, 1526 వారికి ఏమైనా మిగిలిందా, వారి నోట తెలుగు ఏ రూపం దాల్చింది అన్నవి రచయిత కూర్చుని ఊహించవలసిన సంగతులు. పాత్రధారి ఎవరన్న ప్రశ్న వాటి తరువాతిది.