అంటు క్రింది గులాబి

తొలకరి పడి నేల చల్లబడుటయే తడవుగా నరసరావుపేట వీధులలోనికి కడియం మొక్కల బండ్లు వచ్చును. నల్లని సంచిలో అరచేతి వెడల్పు పూవొకటి తలయెత్తి నిలిచిన గులాబిని చూచి, బేరమాడి, ఇంటికి తెచ్చి, కుండీలో నాటి, కార్తీకమున రెండు పూవులు చూచి, మాఘమున ఆకులపై నల్లమచ్చలు చూచి, రోహిణీకార్తెలో ఎండుపుల్ల చూచి, మరల తొలకరికి అదే బండివానికొరకు వీధివైపు చూచువారు మా పల్నాటిలో పెక్కురు కలరు. గులాబి ఈ నేలకు కానిమొక్క యను అపవాదు ఇందువలననే పుట్టినది. అది న్యాయమని నేను తలంపను.

ఆ బండిమీది పూవు హైబ్రిడ్ టీ జాతిది. ఈ జాతికి ఆద్యమని చెప్పబడు ‘లా ఫ్రాన్స్’ 1867లో ఫ్రాన్సు దేశమున వెలువడినది. అప్పటినుండి పాశ్చాత్యులు తమ చలిదేశపు ఋతువులకును, పుష్పప్రదర్శనల రుచికిని తగినట్లు, నిడుపాటి కాడపై ఒక్కటే మొగ్గ నిటారుగ నిలుచునట్లు దానిని తీర్చుకొనిరి. తీర్చుకొనుట వారి తప్పు కాదు. వేసవి వచ్చినదనగా రాష్ట్రమంతయు పత్రికలలో ముందుగా వెదకు రెంటచింతల ప్రక్కన దానిని నాటి, ఏల పూయదని అడుగుట మన తప్పు. ముప్పదియైదు డిగ్రీలు దాటెనా, పెద్దపూవుల గులాబి రేకులను తగ్గించుకొని, రంగు వెలవెలబోయి, చేతికి రాకమునుపే విడిపోవును. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగ పనిచేసి, ఆ కొలువు నడుమనే విడిచి, కొడైకెనాల్‌లో స్థిరపడి, మణిపురపు కొండలలోని గులాబితోను, వంగదేశపు తడినేలలలో పెరుగు గులాబితోను సంకరము చేసి ఉష్ణదేశములకు తగు క్రొత్త వంగడములను సాధించిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారి కృషికి మూలమైన ఆలోచన యిదియే: వేడిదేశపు గులాబి వేడిదేశమునకై పుట్టవలెను.

అంత శ్రమపడలేని మాబోటివారికి అట్టి గులాబి యొకటి మున్నే పుట్టియున్నది. ఆఫ్రికాకు తూర్పుగ, హిందూమహాసముద్రమున, నేడు రీయూనియన్ అనియు, నాడు బూర్బన్ అనియు పిలువబడిన ద్వీపమున, పొలముల చుట్టును గులాబిపొదలనే కంచెగ పెంచెడివారు. అందొకటి ఏటికి రెండుమారులు పూచు డమాస్కస్ గులాబి, మరియొకటి ఏడాది పొడుగునను పూచు చీనాగులాబి. ఈ రెండింటి నడుమ ఎవరి ప్రమేయము లేకయే కలిగిన బిడ్డను 1817లో బ్రెయొన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి గింజలను పారిస్‌నకు పంపగా, ఓర్లియన్ ప్రభువు తోటలోని జాక్ అను తోటమాలి వానినుండి ఒక వంశమునే నిలిపెను. మన దేశమున ఎడ్వర్డ్ గులాబి యనునది ఈ బూర్బన్ కుదురుదే. డమాస్కస్ గులాబినుండి పరిమళమును, చీనాగులాబినుండి ఎడతెగని పూతను తెచ్చుకొని, ఎండలో పుట్టి, కంచెలో పెరిగిన దానికి మన చాకిరితో పనియేమి? మాచర్లలో ఒక పెద్దమ్మ పెరటిలో అట్టి పొదను చూచి, ఏమి యెరువు వేయుచున్నారని అడిగితిని. “దానికి చాకిరేంది నాయనా, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే అదే పూసిద్ది” అని ఆమె నవ్వెను.

ఇందొక విపర్యాసము కలదు. అంటుమొక్కలో పైభాగ మొక గులాబి, వేరుభాగము మరియొక గులాబి. మన మైదానములలో పెద్దపూవుల దొరసానిని మోయుటకు వేరుగ నిలిపిన బోయీలలో ఈ ఎడ్వర్డ్ ఒకటి. ఎండకు దొరసాని రాలిపోవును. బోయీ బ్రతికియుండి అంటు క్రిందినుండి చిగురించును. మనమో, అది పిచ్చికొమ్మయని విరిచివేయుదుము. ఆ వేరు తెల్లని గుత్తిపూల మల్టీఫ్లోరాది యైనచో విరిచినను నష్టములేదు. ఎడ్వర్డ్‌ది యైనచో, డబ్బిచ్చి కొన్నదానికంటె మేలైన దానిని పారవైచినట్లే. ఎరుపే కావలె ననువారికి, ఆస్ట్రియా-హంగరీ దేశపు అటవీ అధికారియైన గెష్విండ్ సృష్టింపగా 1897లో వెలువడిన ‘గ్రుస్ ఆన్ టెప్లిట్జ్’ కలదు. బూర్బన్, చీనా రక్తములు రెండును అందు కలవు. మెడ వాల్చి పూచుట దాని స్వభావము, దానిని లోపమని నేను లెక్కింపను.

పల్నాటి నేలను గూర్చి శ్రీనాథుని పేర వెలసిన చాటువులు ఇచటి రాళ్ళను, నీళ్ళను, జొన్నకూటిని వెక్కిరించినవి. ఆయనకు సన్నబియ్యము ముఖ్యము. నాకు గులాబి ముఖ్యము గనుక నేనా రాళ్ళను వేరుచూపుతో చూడవలసియున్నది. ఇంటింట పరచిన నాపరాయియు, పిడుగురాళ్ళ బట్టీలలో కాలు సున్నపురాయియు, మా బోరుబావుల కఠినజలమును ఒక్క గోత్రమువే. సున్నము మిక్కుటమైన నేలలో ఇనుము లేకపోదు. ఉన్న ఇనుము కరగక వేరునకు అందదు. అంతట లేతాకులు పసుపుబారును, ఈనెలు మాత్రము పచ్చగ నిలుచును. దీనిని ఎరువు చాలమియని భ్రమించి యూరియా పోయువారు కలరు. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, ప్రొద్దు వాలినపిదప ఆకులపై చల్లిన చాలును. అన్నభేదిని పాదులో పోసిన సున్నము దానిని మరల బిగబట్టును. ఎడ్వర్డ్ పొదకును ఈ పసుపు తప్పదుగాని, కోలుకొనుటలో అది అంటుమొక్కకంటె ముందుండుట నేను గమనించితిని.

ఎడ్వర్డును నాటుట సులభము. పెన్సిలు లావున ముదిరిన కొమ్మను జానెడు పొడుగున కోసి, వానలు వెనుకబట్టిన కాలమున నీడలో గ్రుచ్చిన వేరూనును. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళును గనుక, ఒకటిన్నర అడుగు గోతిలో ఇసుకయు మాగిన పశువుల ఎరువును కలిపి, పాదును కొంత ఎత్తుగ కట్టవలెను. నాపరాళ్ళ గోడకు ఆనించి నాటరాదు. పగటి వేడిని ఆ గోడ రాత్రియు విడువదు. ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నము వేపనీడ పడుచోటు ఉత్తమము. వేసవిలో పాదుపై వేరుశనగ పొట్టు మందముగ పరచిన నేల నెఱ్ఱెలు విచ్చదు. కార్తీకము దాటుచుండగ ఎండుకొమ్మలు తీసి, తక్కినవానిని మూడవవంతు తగ్గింతుమేని, ఆరేడువారములలో, అనగా సంక్రాంతి ముగ్గులనాటికి, పొద పూతకు వచ్చును. పేనుబంక పట్టిన నీటిధారతో కడిగిన పోవును.

కరుణశ్రీ పుష్పవిలాపము విని పూవు త్రుంపుటకు చేయిరాని తరము మాది. అయినను గులాబిపొద విషయమున ఆ కరుణ అపకారము: కోయనిపూవు కాయకట్టి, ఆ కొమ్మ పూత మందగించును. కోయుటయు ప్రొద్దుపొడుపునకు ముందే కావలెను. ఎండ యెక్కినకొలది రేకులలోని సుగంధతైలము ఆవిరియై గాలిపాలగును. ఎడ్వర్డ్ పూవు మధ్యాహ్నమునకు రేకులు రాల్చును, పుష్పగుచ్ఛమునకు పనికిరాదు. దేవునికి, జడకు, గుల్కందునకు మాత్రము దీనికి సాటిలేదు. రేకులను, చక్కెరను పొరలుపొరలుగ గాజుజాడీలో నింపి, మూతికి బట్టకట్టి, డాబాపై ఎండబెట్టుచు నడుమనడుమ కలుపుచుండవలెను. మా ఎండకు అది వేగిరమే పాకమునకు వచ్చును. బండివానివద్ద కొన్న మొక్క పూవులను మాత్రము తొలియేడు ఇందు వాడరాదు; నర్సరీలలో ఏయే మందులు చల్లుదురో కొన్నవారికి తెలియదు.